కరెంటు కాల్చి వెతికే ఆ అంకె ఎవరికి కావాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్పై రెండేళ్లు గుమస్తాగా చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, బిట్‌కాయిన్ మైనింగ్ చేసే పాత యంత్రం ఒకటి అమ్మకానికి వచ్చిందనీ, దాన్ని మా మేడ మీద గదిలో పెట్టుకుంటాననీ, లక్షన్నర సర్దమనీ అడుగుతున్నాడు. అది ఏం చేస్తుందిరా అంటే "చాలా కష్టమైన లెక్కలు చేస్తుంది మామయ్యా" అంటాడు. ఎవరి లెక్కలు, జవాబు ఎవరు తీసుకుంటారు అని అడిగితే నసుగుతున్నాడు. జీవితమంతా లెక్కలు రాసినవాణ్ణి. ఎవరికీ అక్కరలేని లెక్కకు డబ్బు ఎందుకు వస్తుందో నాకు బోధపడటం లేదు. ఆ కరెంటేదో మందులు కనిపెట్టే లెక్కలకు ఖర్చు పెట్టవచ్చు కదా? డబ్బు ఇవ్వమంటారా, వద్దంటారా?

సమాధానం:

గుమస్తాగారూ, ముందు డబ్బు మాట తేల్చేస్తాను. ఇవ్వకండి. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను. కానీ మీరు అడిగిన మొదటి ప్రశ్న అంతకంటే విలువైనది. ఏళ్ల తరబడి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు కూడా ఆ ప్రశ్న వేసుకోరు. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మీ మేనల్లుడి మాటలో ఒక పొరపాటు ఉంది. అతన్ని తప్పుపట్టకండి, చాలాచోట్ల అలాగే రాస్తుంటారు. ఆ యంత్రం కష్టమైన లెక్కలేవీ చేయదు. ఒకే ఒక్క లెక్కను సెకనుకు లక్షల కోట్ల సార్లు చేస్తుంది. వచ్చిన జవాబు చూసుకుంటుంది, పనికిరాదని పారేస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది. పారేసినవాటికి ఏ విలువా లేదు. చివరికి నిలిచిన ఒక్క జవాబుతో వంతెన కట్టలేం, మందు కనిపెట్టలేం, వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. కాబట్టి "ఎవరికీ అక్కరలేని లెక్క" అన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మరి దాన్ని ఎందుకు చేయిస్తున్నారు అన్నదానికి జవాబు మీ చిట్టా పుస్తకంలోనే ఉంది.

చిట్టాలో ఒక పుట నిండగానే మీరేం చేసేవారు? కింద మొత్తం వేసి, ఆ మొత్తాన్నే తరువాతి పుట నెత్తిన "ముందు పుట నుంచి తెచ్చినది" అని రాసి పని మొదలుపెట్టేవారు. పన్నెండో పుటలో ఎవరైనా 4,000ను 9,000గా దిద్దితే పదమూడో పుట నెత్తిన ఉన్న మొత్తం అబద్ధమవుతుంది. పద్నాలుగు, పదిహేను, అలా చివరి పుట దాకా అన్నీ తప్పుతాయి. దిద్దినవాడు అన్ని పుటలూ దిద్దాలి. బిట్‌కాయిన్ అంటే ఏ ప్రభుత్వమూ అచ్చువేయని, కంప్యూటర్లలోనే నడిచే డబ్బు. దాని పుస్తకం కూడా ఇలాగే కుట్టిన చిట్టా. ఎవరు ఎవరికి ఎంత పంపారో రాసిన ఒక్కో పుటను బ్లాక్ అంటారు. ప్రతి పుట నెత్తినా ముందు పుట మొత్తానికి బదులుగా ముందు పుట వేలిముద్ర ఉంటుంది. ఆ వేలిముద్రనే హ్యాష్ అంటారు.

పుటలో ఎంత రాసినా సరే, షా-256 అనే సూత్రంలో వేస్తే ఎప్పుడూ అరవై నాలుగు గుర్తుల పొడవుండే ముద్ర బయటికి వస్తుంది. ఈ సూత్రాన్ని అమెరికా జాతీయ భద్రతా సంస్థ తయారుచేసింది. అక్కడి ప్రమాణాల సంస్థ 2001లో ప్రకటించింది. ఒక్క అక్షరం మార్చినా ముద్ర మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ముద్రను చూసి వెనక్కి నడిచి పుటలో ఏముందో కనుక్కునే దారి గానీ, ఫలానా ముద్ర రావాలంటే పుటలో ఏం రాయాలో ముందే తేల్చే ఉపాయం గానీ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే మీకు తెలియని సంగతి కాదు, పుటలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నంత మాత్రాన పుస్తకం భద్రమైనట్టు కాదు. చేతివాటం ఉన్న గుమస్తా ఒకడు ఒక రాత్రంతా దీపం కింద కూర్చుని, కొత్త పుస్తకం తెచ్చి, అదే సిరాతో మొదటి నుంచి చివరి దాకా మొత్తాలన్నీ సరిపోయేలా తిరగరాయగలడు. తెల్లారేసరికి రెండు పుస్తకాలు ఉంటాయి. రెంటిలోనూ కూడికలు తప్పవు. ఏది అసలుది? యార్డులో అయితే షావుకారు ఉన్నాడు, కమిటీ ఆఫీసు ఉంది, రైతు చేతిలో కాటా చీటీ ఉంది, ఆ పైన కోర్టు ఉంది. బిట్‌కాయిన్‌కు వీటిలో ఒక్కటీ లేదు. లేకుండానే నడవాలన్నది దాని పంతం. కంప్యూటర్ అయితే రాత్రంతా కూర్చోనక్కరలేదు, ఒక ముద్ర వేయడానికి క్షణంలో వెయ్యోవంతు కూడా పట్టదు. పుస్తకం మొత్తాన్ని ఇట్టే తిరగరాసేస్తుంది.

అందుకే ఒక నిబంధన పెట్టారు. ఏ ముద్ర పడితే అది చెల్లదు. వరుసగా ఇన్ని సున్నాలతో మొదలైన ముద్ర అయితేనే ఆ పుటను పుస్తకంలో చేర్చుకుంటారు. పుటలో ఒక ఖాళీ గడి ఉంటుంది. అందులో ఏ అంకె వేసినా పర్వాలేదు. ఒకటి వేసి ముద్ర తీయాలి, సున్నాలు రాలేదా, రెండు వేయాలి, మూడు వేయాలి. ఉపాయం లేదు గనక గుడ్డిగా వేస్తూ పోవడమే మార్గం. మైనింగ్ అనే పెద్ద మాట వెనక ఉన్నది ఇంతే.

ఇది చేతికి తగిలేలా తెలియాలంటే అష్టాచెమ్మా గవ్వలు గుర్తు తెచ్చుకోండి. పది గవ్వలు గుప్పిట పట్టి, పదీ వెల్లకిలా పడేదాకా వేయమంటే, బోర్లా వెల్లకిలా సమానంగా పడే గవ్వలైతే సగటున 1,024 సార్లు వేయాలి. చేతులు పడిపోతాయి. కానీ పదీ వెల్లకిలా పడ్డాయో లేదో చూడటానికి పక్కవాడికి ఒక్క చూపు చాలు. చేయడానికి ఎంతో శ్రమ, సరిచూడటానికి రవ్వంత. ముద్రలో గుర్తులు పదహారు రకాలు కాబట్టి ఒక్క సున్నా పెరిగితే శ్రమ పదహారు రెట్లవుతుంది. మూడు సున్నాలకు సగటున 4,096 ప్రయత్నాలు, నాలుగుకు 65,536. బిట్‌కాయిన్ మొదటి పుట 2009 జనవరి 3 నాటిది. సతోషి నకమోటో అనే పేరు పెట్టుకున్న అజ్ఞాత వ్యక్తి దాన్ని రాశారు. ఆ పుట ఖాళీ గడిలో ఉన్న అంకె 2,08,32,36,893. దాని ముద్ర పది సున్నాలతో మొదలవుతుంది. ఆనాటి నిబంధనకు ఎనిమిది చాలు. 2024 నాటి పుటలకు పందొమ్మిదికి తక్కువ లేకుండా కావలసి వచ్చింది.

ఇప్పుడు మన దొంగ గుమస్తా దగ్గరికి తిరిగి వద్దాం. పాత పుట ఒకటి దిద్దితే దాని ముద్ర మారి సున్నాలు పోతాయి. మళ్లీ కొత్త అంకె వెతకాలి. అది దొరికాక తరువాతి పుటకు, ఆ తరువాతి పుటకు వెతకాలి. ఈలోగా ప్రపంచంలో మిగతా యంత్రాలన్నీ కలిసి అసలు పుస్తకానికి పది నిమిషాలకొక పుట చేరుస్తూనే ఉంటాయి. అందరూ నమ్మేది ఎక్కువ శ్రమ పోసిన పుస్తకాన్నే. అతను వాళ్లను దాటాలంటే మొత్తం యంత్రాల శక్తిలో సగానికి మించి తన దగ్గర ఉండాలి. చరిత్రను తిరగరాయాలంటే, ఆ చరిత్ర రాయడానికి అయినంత శ్రమను మళ్లీ పోయాలి. గుమస్తాగారూ, ఆ లెక్క చేసే పని ఇదే. దానికి కావలసింది జవాబు కాదు, జవాబు కోసం తిరిగి రాని ఖర్చు పెట్టామన్న రుజువు. అందుకే దాన్ని పని రుజువు అంటారు.

ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. తరువాతి పుట రాసే వంతు ఎవరిది? ఓటు వేసి తేల్చుకుందామంటే కంప్యూటర్ ప్రపంచంలో ఒకడే లక్ష పేర్లు పెట్టుకుని రావచ్చు. దొంగ ఓట్ల బెడద మన ఊళ్లలో కంటే అక్కడ ఎక్కువ. దొంగ పేర్లు ఎన్నైనా పుట్టించవచ్చు గానీ కాల్చని కరెంటును కాల్చినట్టు చూపించలేరు. కాబట్టి శ్రమను బట్టి అవకాశం. ముందుగా అంకె దొరికినవారు పుట రాస్తారు, బహుమతిగా కొత్త నాణేలు పొందుతారు. మొదట్లో పుటకు 50 నాణేలు ఇచ్చేవారు. 2,10,000 పుటలకొకసారి అది సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125కు వచ్చింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించవు.

చాలామంది పొరబడేచోటు మరొకటుంది. ఈ కరెంటంతా లావాదేవీలను సరిచూడటానికి ఖర్చవుతోందని అనుకుంటారు. సరిచూడటం చిన్న పని, మీ ఇంట్లో పాత కంప్యూటర్ చాలు. యంత్రాలు పెరిగితే పని వేగంగా సాగుతుందన్నదీ నిజం కాదు. ప్రతి 2,016 పుటలకు, అంటే సుమారు రెండు వారాలకొకసారి, పుటలు త్వరగా వస్తున్నాయనిపిస్తే నిబంధన తనంతట తానే బిగుసుకుంటుంది. పది యంత్రాలున్నా, పది లక్షలున్నా పుట పది నిమిషాలకే. యంత్రాలు పెరిగితే పెరిగేది పుస్తకం చుట్టూ గోడ ఎత్తు ఒక్కటే.

ఈ ఆలోచన డబ్బు కోసం పుట్టలేదన్న సంగతి నాకు చాలా ఇష్టం. 1992లో సింథియా డ్వార్క్, మోనీ నావోర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, అక్కరలేని ఈమెయిళ్లను అరికట్టాలంటే పంపే ప్రతి ఉత్తరానికీ కంప్యూటర్ చేత చిన్న శ్రమ చేయించాలని ప్రతిపాదించారు. ఒక ఉత్తరం పంపేవారికి ఆ శ్రమ తెలియదు, లక్ష పంపేవాడికి నడుం విరుగుతుంది. 1997లో ఆడమ్ బ్యాక్ ఆ దారిలోనే హ్యాష్‌క్యాష్ తయారుచేశారు. 2008 అక్టోబరు 31న నకమోటో తన ప్రతిపాదన పత్రం విడుదల చేసినప్పుడు హ్యాష్‌క్యాష్ పేరు అందులో చెప్పారు.

మీ మందుల ప్రశ్నకు వస్తాను. మనసున్నవాళ్లు అడిగే ప్రశ్న అది. 2020లో కరోనా ప్రోటీన్ల ఆకృతులు లెక్కగట్టడానికి ఎందరో తమ ఇళ్లలోని కంప్యూటర్లను ఫోల్డింగ్ ఎట్ హోమ్ అనే పథకానికి అప్పగించారు. అలాంటి లెక్కనే ఈ పుటలకు ముద్రగా ఎందుకు వాడకూడదు?

మొదటి చిక్కు, ఆ లెక్కలను పంచిపెట్టేవారు ఒకరు ఉండాలి. ఏ లెక్క ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేవారే పుస్తకానికి షావుకారవుతారు. తమవారికి తేలికవి ఇవ్వవచ్చు. షావుకారు లేకుండా నడవాలన్న పంతం అక్కడే పోయింది. రెండోది, ప్రోటీన్ లెక్కకు వచ్చిన జవాబు సరైనదో కాదో ఒక్క చూపులో తేలదు, మళ్లీ అంత లెక్కా చేయాలి. మూడోదే అసలైనది. సున్నాల ముద్ర వెతకడంలో సమస్య పుటలోంచే పుట్టింది. పుట మారితే జవాబు చెల్లదు. మందు లెక్కకూ పుటకూ సంబంధం లేదు కాబట్టి, నేను నిరుడు చేసి దాచుకున్న జవాబును ఇవాళ దొంగ పుటకు అతికించవచ్చు. చీటీ ఒక బస్తాదైతే, దాన్ని ఇంకో బస్తాకు కట్టినట్టు.

నాలుగోది చెబితే మీరే తల ఊపుతారు. ఆ లెక్కకు బయట ధర పలికితే, మోసం చేయబోయి ఓడినవాడికీ పూర్తి నష్టం రాదు. పుట చెల్లకపోయినా లెక్క అమ్ముకుంటాడు. ఓడితే అంతా పోతుందన్న భయమే ఇక్కడ కాపలా. 2013లో ప్రైమ్‌కాయిన్ అనే నాణెం ప్రధాన సంఖ్యల గొలుసులు వెతకడాన్నే పనిగా పెట్టి చూసింది. సరిచూడటం తేలికే, పుటకు ముడివేయడమూ కుదిరింది. కానీ ఆ గొలుసులు గణితప్రియులను దాటి ఎవరికీ అక్కరకు రావు. ఈ షరతులన్నిటికీ సరిపోతూ మందూ ఇచ్చే లెక్కను పట్టుకోవడం అంత కష్టం.

మరి ఇంత కరెంటు తగలేయడం న్యాయమా? నా మనసులో ఉన్నది చెబుతాను. షావుకారు, కోర్టు, పోలీసు ఎవరూ లేకుండా ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక పుస్తకాన్ని ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్నారంటే నాకు గౌరవమే. కానీ వేసవిలో కరెంటు పోయి పిల్లలు చెమటలో చదువుకునే చోట, దేశాలు వాడేంత కరెంటు ఒక పుస్తకానికి తాళంగా కాలిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వేరే తాళాలు ఉన్నాయి. ఎథీరియమ్ అనే రెండో పెద్ద నాణెం 2022 సెప్టెంబరు 15న ఈ పద్ధతిని వదిలేసింది. ఇప్పుడు పుట రాసేవాళ్లు కరెంటుకు బదులు తమ నాణేలనే ధరావతుగా పెడతారు, మోసం చేస్తే పోగొట్టుకుంటారు. దాంతో కరెంటు ఖర్చు 99 శాతానికి పైగా తగ్గింది. ధనవంతులదే పైచేయి అవుతుందన్న విమర్శ ఆ పద్ధతిపై ఉంది. అయినా నా ఓటు దానికే.

ఆ మార్పు రోజు నాకు బాగా గుర్తు. విజయవాడ పటమటలో నా స్నేహితుడు ఒకరు అంతకు ముందు ఏడాది అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డులు కొని, ఇనుప రాక్‌లో బిగించి, ఎథీరియమ్ కోసం నడిపేవారు. మర్నాడు వెళ్తే గది నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాన్లన్నీ ఆగి ఉన్నాయి. ఆయన ఒక్కో కార్డు విప్పి, గుడ్డతో దుమ్ము తుడిచి, పాత పెట్టెల్లో సర్దుతున్నారు. "ఉన్నట్టుండి పని లేకుండా పోయింది" అన్నారు. పక్కన వాళ్ల ఆవిడ ఈఎంఐ పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నారు. మీ మేడ మీద గది గురించి చదవగానే నాకు ఆ గదే కళ్లముందు మెదిలింది.

ఇక మీ లక్షన్నర. మీ వాడు చెప్పే పాత యంత్రం సెకనుకు సుమారు వంద లక్షల కోట్ల ప్రయత్నాలు చేసే తరంది అనుకుందాం. అది మూడుంపావు కిలోవాట్ల కరెంటు తాగుతుంది. రోజుకు 78 యూనిట్లు, నెలకు 2,340. ఇంటి కనెక్షన్‌లో పై శ్లాబు యూనిట్ పది రూపాయలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి రోజుకు ఏడు వందల యాభై రూపాయలు దాటుతుంది. 2024 మధ్యలో ప్రపంచంలోని యంత్రాలన్నిటి శక్తి ఇలాంటి యంత్రాలు 60 లక్షలకు సమానం. అందరికీ కలిపి రోజుకు పుట్టే కొత్త నాణేలు 450. మీ వాటా 0.000075 నాణెం. ధర 50 లక్షలైతే అది 375 రూపాయలు, కోటి అయినా 750. ఆ తరువాత యంత్రాలు ఇంకా పెరిగాయి, వాటా ఇంకా చిక్కిపోయింది. ఒంటరిగా ఆడితే ఒక్క పుట తగలడానికి సగటున వందేళ్లు దాటుతుంది, అందుకే అందరూ గుంపులుగా చేరి పంచుకుంటారు.

వచ్చిన దానిపై 30 శాతం పన్ను ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం యంత్రం ఖర్చును గానీ, కరెంటు బిల్లును గానీ అందులోంచి మినహాయించుకోనివ్వరు. నష్టం వస్తే వేరే ఆదాయంతో సర్దుకోనివ్వరు. ఖర్చు రాసుకోనివ్వని వ్యాపారం మీరు ఎక్కడైనా చూశారా? ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే విద్యుత్ సంస్థవారు కేటగిరీ మార్చి బిల్లు వేయవచ్చు. అన్నిటికీ మించి, ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. రోహిణీ కార్తెలో గుంటూరు మేడ మీద గదిలో మూడు రూమ్ హీటర్లు రాత్రింబవళ్లు వేసినట్టు. దాన్ని చల్లబరచడానికి ఏసీ, దానికి మళ్లీ కరెంటు. చప్పుడు సరేసరి, కింద గదిలో మీకు నిద్ర పట్టదు.

"యంత్రం కొనక్కరలేదు, డబ్బు కట్టండి, మీ తరఫున మేమే మైనింగ్ చేసి రోజూ లాభం వేస్తాం" అని ఎవరైనా మీ వాడి ఫోనుకు పంపితే అసలు దగ్గరికి పోనివ్వకండి. ఆ పేరుతో జరిగిన మోసాలు చాలా ఉన్నాయి.

అయితే కుర్రవాణ్ణి కసరకండి. అతని కుతూహలం మంచిది, తప్పు దారిలో ఖర్చు కాబోతోంది అంతే. ఈసారి ఆదివారం విజయవాడ నుంచి వచ్చినప్పుడు లాప్‌టాప్ తెచ్చుకోమనండి. మీరు మీ పాత చిట్టాలోంచి ఒక వాక్యం చెప్పండి, తేదీ, బస్తాలు, ధర. దాని చివర అంకెలు మార్చుతూ, నాలుగు సున్నాలతో మొదలయ్యే షా-256 ముద్ర వచ్చేదాకా వెతికే ప్రోగ్రామ్ రాయమనండి. పది పన్నెండు వరుసల పని, పైసా ఖర్చు లేదు. ముద్ర దొరికాక ఆ వాక్యంలో బస్తాల సంఖ్య ఒక్కటి మార్చమనండి, సున్నాలు ఏమయ్యాయో ఇద్దరూ చూడండి. దానిపై ఆసక్తి ఇంకా మిగిలితే, వెయ్యి జీబీ పట్టే డిస్కు ఒకటి కొనిపెట్టండి. 2009 నుంచి ఉన్న పుస్తకం మొత్తాన్ని దించుకుని, ఒక్కో పుటను తనే సరిచూసుకోవచ్చు. మొదటి పుట ఖాళీ గడిలో నేను పైన రాసిన అంకె ఉందో లేదో మీరు పక్కన కూర్చుని టిక్కు పెట్టండి.